రాగి కాలువలు – సర్క్యూట్ బోర్డు డ్రాయింగుల చరిత్ర

సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదక మిత్రులు అడిగినప్పుడు నేను కొండవీటి రెడ్డిరాజుల గురించో, చీరాల–పేరాల ఉద్యమం గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటిపై పెద్దలు చాలా రాశారు. నేను ఎంచుకొన్నది మనందరి ఇళ్ళలోనూ ఉండి, మనలో చాలామంది ఎన్నడూ విప్పి చూడని ఒక ఆకుపచ్చ పలక చరిత్ర. రేడియోలో, టీవీలో, బి.పి. చూసుకొనే యంత్రంలో, ఏటా లైఫ్ సర్టిఫికెట్ కోసం మనం వేలు ఆనించే పరికరంలో, మిర్చి యార్డులో టిక్కీలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలో, పొలంలో మోటారు స్టార్టరులో – అన్నింటిలోనూ ఆ పలక ఉంది. దానిని ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు అంటారు.

ఇందులో విశ్రాంత ఉద్యోగులకు పనికివచ్చే సంగతి ఏముందని అడగవచ్చు. ఉన్నది. మన మనవలు, మనవరాళ్ళు బాపట్లలోనో చౌడవరంలోనో ఇంజనీరింగు, నల్లపాడులో పాలిటెక్నిక్ చదువుతున్నారు. వారు ఈరోజు కంప్యూటరు మీద గీసే డ్రాయింగు పదేళ్ళ తర్వాత కూడా వారి చేతిలోనే ఉంటుందా, లేక ఎవరికో అద్దె కట్టినన్నాళ్ళే తెరుచుకొంటుందా అన్నది చిన్న విషయం కాదు. ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో ఫైళ్ళతో సహజీవనం చేసినవాడిని గనుక ఈ ప్రశ్న నాకు కొత్తదిగా తోచలేదు.

కాలువకు అడ్డం మరో కాలువ

నేను 1974లో నాగార్జునసాగర్ కుడికాలువ డివిజన్ ఆఫీసులో గుమస్తాగా చేరాను. మా సెక్షనుకు ఆనుకొని డ్రాయింగు బ్రాంచి ఉండేది. ట్రేసర్లు బల్లల మీద వంగి ట్రేసింగు క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో గీస్తుండేవారు. ఆ ట్రేసింగు నుంచి అమోనియా ప్రింట్లు తీసి సబ్ డివిజన్లకు పంపేవాళ్ళం. ఏ మేజరు కాలువ ఎక్కడ చీలుతుంది, తూము ఎక్కడ పెట్టాలి, వాగు అడ్డం వచ్చినచోట అక్విడక్టు కట్టాలా, అండర్ టన్నెల్ వేయాలా అన్నది అందులో ఉండేది.

సర్క్యూట్ బోర్డు డ్రాయింగు కూడా సరిగ్గా ఇటువంటిదే. నీటికి బదులు కరెంటు, మట్టి కాలువకు బదులు పలక మీద అతికిన సన్నని రాగి గీత. ఎక్కువ కరెంటు పారే గీత వెడల్పుగా ఉండాలి, మేజరు కాలువ మాదిరి. తక్కువ పారే గీత సన్నగా ఉన్నా చాలు, పంటబోదె మాదిరి. రెండు గీతలు ఒకదానికొకటి తాకరాదు. తాకితే షార్టు అయినట్లే. మరి ఒకటి రెండోదానిని దాటి పోవలసి వస్తే? చిన్న రంధ్రం గుండా ఆ గీతను పలక అడుగు భాగానికి దించి, దాటించి, మళ్ళీ పైకి తెస్తారు. ఆ రంధ్రాన్ని 'వయా' అంటారు. మన అండర్ టన్నెల్ అన్నమాట!

అచ్చు యంత్రం నుంచి పుట్టిన పలక

ఈ పలకకు 'ప్రింటెడ్' అన్న పేరు ఊరికే రాలేదు. పాల్ ఐస్లర్ 1907లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టిన యూదు ఇంజనీరు. నాజీల ప్రాబల్యం పెరుగుతున్న కాలంలో, 1936లో లండన్ చేరుకొన్నాడు. అంతకు ముందే ఆయనకు పత్రికల అచ్చుపనితో పరిచయం ఉంది. అప్పటి రేడియోల లోపల తీగలన్నీ ఒక్కొక్కటిగా చేత్తో అతికించవలసిందే. ఒక తీగ తప్పు చోట అతికితే రేడియో మూగబోయేది. అక్షరాలను అచ్చు వేసినట్లే తీగలనూ అచ్చు వేయవచ్చు గదా అన్నది ఐస్లర్ ఊహ. ఆ పద్ధతిలోనే ఒక రేడియో తయారు చేశాడు. 1943లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో ఫిరంగి గుండ్ల ఫ్యూజులలో అమెరికన్లు ఇటువంటి అచ్చు సర్క్యూట్లు వాడిన తర్వాతనే లోకం దీని విలువ గుర్తించింది.

తెనాలి ప్రెస్సుల్లో పాత రోజుల్లో ఫోటోల కోసం జింకు బ్లాకులు వాడటం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బొమ్మ ఉండవలసిన భాగాన్ని కప్పి ఉంచి, మిగతా లోహాన్ని ఆసిడ్‌తో తినివేయించేవారు. బోర్డు తయారీ సూత్రమూ అదే. పలక మీద రాగిరేకు అతికి ఉంటుంది. గీతలు ఉండవలసినచోట రంగు కప్పి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ముంచితే మిగతా రాగి కరిగిపోతుంది, గీతలు మిగులుతాయి. పాలిటెక్నిక్ ప్రయోగశాలలో ఈ పని చేసిన పిల్లల చొక్కాల మీద ఆ గోధుమరంగు మరకలు ఎన్ని ఉతుకులకూ పోవని వారి తల్లులను అడిగితే చెబుతారు.

1967 – మనకు రెండు శుభారంభాలు

1967 ఆగస్టు 4న ఆనాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీరు వదిలారు. మన మెట్టకు నీరు వచ్చింది. ఆ సంవత్సరమే ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మనం ఈసీఐఎల్ అని పిలుచుకొనే సంస్థ, ప్రారంభమైంది. దాని వెనుక ఉన్న వ్యక్తి మన తెలుగువారే – డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లోను చదివి, హోమీ భాభా వద్ద పనిచేశారు. 1956లో మన దేశపు తొలి అణు రియాక్టరు 'అప్సర' పనిచేయడం మొదలుపెట్టినప్పుడు దాని నియంత్రణ పరికరాలను ఇక్కడే తయారు చేసిన బృందానికి ఆయనే నాయకుడు. పరాయి దేశం నుంచి పెట్టె తెప్పించుకొంటే ఆ పెట్టె మాత్రమే వస్తుంది, తయారు చేసే విద్య రాదన్న ఎరుక ఆ తరం వారికి ఉండేది.

ఈసీఐఎల్ కంప్యూటర్లు చేసింది. మన వీధుల్లో ఒక ఇంట్లో ఉంటే పది ఇళ్ళవారు చూడటానికి వెళ్ళిన ఈసీ టీవీలు చేసింది. 2004 సాధారణ ఎన్నికల్లో దేశమంతటా ఓటింగు యంత్రాలే వాడారు. పోలింగు డ్యూటీలో మన బల్ల మీద పెట్టుకొని, 'బ్యాలెట్' మీట నొక్కి ఓటరును లోపలికి పంపిన ఆ యంత్రాలను తయారు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. ఆ కంట్రోలు యూనిట్‌లోనూ ఉన్నది ఆ ఆకుపచ్చ పలకే.

నల్ల టేపు నుంచి కంప్యూటరు దాకా

ఆ రోజుల్లో బోర్డు గీయడమంటే ఒళ్ళు హూనమయ్యే పని. పారదర్శకమైన ఫిల్ము మీద సన్నని నల్ల టేపును గీతలుగా అతికించేవారు. అసలు బోర్డుకు రెండింతలో, నాలుగింతలో పెద్దదిగా చేసి, తర్వాత ఫోటో తీసి తగ్గించేవారు. పై భాగానికి ఎర్ర టేపు, అడుగు భాగానికి నీలం టేపు వాడే పద్ధతీ ఉండేది. ఒక్క భాగం చోటు మార్చాలంటే టేపంతా పీకి మళ్ళీ అతికించాలి. మా ట్రేసర్లు తప్పు గీతను బ్లేడుతో గీకడం చూసినవారికి ఆ బాధ తెలుసు.

జోసెఫ్ గెర్బర్ కూడా ఐస్లర్ మాదిరే వియన్నాలో పుట్టి, హిట్లరు బారి నుంచి తప్పించుకొని 1940లో అమెరికా చేరిన యువకుడు. కాంతితో ఫిల్ము మీద నేరుగా గీతలు గీసే యంత్రాలను ఆయన కంపెనీ తయారు చేసింది. ఆ యంత్రానికి ఇచ్చే ఆదేశాల భాష 'గెర్బర్' పేరుతోనే నిలిచిపోయింది. దాని వివరాలు అచ్చువేసి అందరికీ తెలియజేశారు గనుక ఈనాటికీ ప్రపంచంలో ఏ కర్మాగారానికి పంపినా గెర్బర్ ఫైలు చదవగలుగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉంది.

ఇక అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం. అక్కడ డొనాల్డ్ పెడర్సన్ అనే ఆచార్యుని వద్ద లారెన్స్ నాగెల్ అనే విద్యార్థి, బోర్డు తయారు చేయకముందే సర్క్యూట్ ఎట్లా పనిచేస్తుందో లెక్కగట్టి చెప్పే 'స్పైస్' అన్న ప్రోగ్రాము రాశాడు. 1973లో దానిని లోకానికి చూపారు. పెడర్సన్ దానిని దాచుకోలేదు, అడిగినవారికి టేపు మీద ఎక్కించి ఇచ్చారు. తీసుకెళ్ళినవారు బాగుచేసి తిరిగి పంపారు. అట్లా పంచిపెట్టినందువల్లనే అది ప్రపంచమంతటా పాఠ్యాంశమైంది.

తాళం పడిన రోజులు

కంప్యూటర్లు బల్ల మీదికి వచ్చాక బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ పెద్ద వ్యాపారమైంది. కష్టపడి చేసినవారు ధర అడగడంలో తప్పు లేదు. చిక్కు ధరలో కాక తాళంలో ఉంది. ఒక్కొక్క కంపెనీ తన ఫైళ్ళను తన ప్రోగ్రాము తప్ప మరొకటి చదవలేని రహస్య లిపిలో రాసింది. డ్రాయింగు మీది, తాళంచెవి వారిది. కొనలేని మన కాలేజీ పిల్లలు దొంగకాపీల మీద చేయి తిప్పుకొన్నారు. చదువు అయ్యాక సొంతంగా చిన్న పరిశ్రమ పెట్టుకొందామంటే ఆ దొంగకాపీ బయటపెట్టుకోలేని సంగతి అయ్యేది.

దీనికి చక్కని ఉదాహరణ 'ఈగిల్'. 1988లో జర్మనీ వారు తయారు చేసిన ప్రోగ్రాము. ధర అందుబాటులో ఉండటంతో చిన్న పరిశ్రమలవారు, విద్యార్థులు ప్రపంచమంతటా దానికి అలవాటుపడ్డారు. 2016లో దానిని ఆటోడెస్క్ అనే అమెరికన్ కంపెనీ కొన్నది. 2017 జనవరి నుంచి కొత్తగా ఒకేసారి కొనుక్కొనే పద్ధతి పోయి, నెలకో ఏడాదికో చందా కట్టే పద్ధతి వచ్చింది. 2023లో ఆ కంపెనీయే 2026 జూన్ 7తో ఈగిల్‌ను ముగిస్తామని ప్రకటించింది. ముప్పై ఏళ్ళుగా గీసిన డ్రాయింగుల గతి ఏమిటి? ఇక్కడ ఒక మంచి జరిగింది. ఈగిల్ ఆరవ వెర్షన్ నుంచి దాని ఫైళ్ళను మామూలు అక్షరాల్లో, ఎవరైనా చదవగలిగే రీతిలో దాచేవారు. అందువల్ల ఆ డ్రాయింగులను మరో ప్రోగ్రాములోకి ఎక్కించుకోవడం సాధ్యమైంది. చదవగలిగే లిపిలో రాసినది బతికింది!

ఇటువంటి తాళానికి తొలిసారి గట్టిగా ఎదురు తిరిగినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1980 ప్రాంతంలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆయన పనిచేసే ప్రయోగశాలకు ఒక కొత్త ప్రింటరు వచ్చింది. అది తరచు కాగితం ఇరుక్కొని ఆగిపోయేది. ఆగినప్పుడు అందరికీ తెలిసేటట్లు ప్రోగ్రాము సవరిద్దామంటే దాని మూలం ఇవ్వడానికి నిరాకరించారు. 1983లో ఆయన ప్రారంభించిన ఉద్యమమే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా వాడవచ్చు, మూలం చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మన హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ ఈ బాటలోనే తెలుగులో కంప్యూటరు వ్యవస్థను తయారు చేసింది.

కైక్యాడ్ వచ్చింది

బోర్డు గీసే పనికి ఈ స్వేచ్ఛను తెచ్చినవారిలో ముఖ్యుడు జాన్ పియర్ షరాస్ అనే ఫ్రెంచి అధ్యాపకుడు. గ్రెనోబుల్ నగరం పక్కన ఒక సాంకేతిక విద్యాసంస్థలో పాఠాలు చెప్పే ఈయన 1992లో 'కైక్యాడ్' అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టారు. పెద్ద కంపెనీ లేదు, పెట్టుబడి లేదు. ఏళ్ళ తరబడి ఆయన, తర్వాత చేరిన ఔత్సాహికులు రాతి మీద రాయి పేర్చినట్లు కట్టారు.

2013 నుంచి స్విట్జర్లాండులోని సెర్న్ దీనికి చేయూతనిచ్చింది. పరమాణువు లోపలి కణాలను ఢీకొట్టించి చూసే మహా ప్రయోగశాల అది. అక్కడ గీసిన బోర్డు డ్రాయింగులను ప్రపంచంతో పంచుకోవాలన్నది వారి సంకల్పం. అయితే ఆ డ్రాయింగు తెరవడానికి ఖరీదైన ప్రోగ్రాము కావాలంటే పంచుకొని ప్రయోజనమేమిటి? అందుకని కైక్యాడ్‌ను బలపరచడానికి తమ ఇంజనీర్లనే పెట్టారు. ఒక గీతను జరిపితే అడ్డం వచ్చే గీతలు వాటంతట అవే పక్కకు తప్పుకొనే సదుపాయం వారి చలవే. 2018లో వచ్చిన అయిదవ వెర్షన్ ఈగిల్ డ్రాయింగులను కూడా తెరవగలిగింది. 2019లో కైక్యాడ్ లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది.

మన దేశంలో బొంబాయి ఐ.ఐ.టి.లోని 'ఫాసీ' అనే ప్రభుత్వ సహాయ పథకం కైక్యాడ్‌ను, స్పైస్ వంశానికి చెందిన 'ఎన్‌జీ స్పైస్'ను కలిపి ఒక ప్రోగ్రాము చేసింది. మొదట దాని పేరు 'ఆస్కాడ్', ఇప్పుడు 'ఈసిమ్'. సర్క్యూట్ గీయడం, అది పనిచేస్తుందో లేదో చూడటం, బోర్డు తయారు చేయడం – మూడూ అందులోనే. అదే ఐ.ఐ.టి. వారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పథకం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పాఠాలను తెలుగుతో సహా మన భాషల్లో వినిపిస్తున్నది. బర్కిలీ ఆచార్యుడు యాభై ఏళ్ళ క్రితం పంచిన విద్య ఇన్ని చేతులు మారి మన పిల్లల ముందుకు, రూపాయి ఖర్చు లేకుండా వచ్చిందన్నమాట.

ఒక స్టార్టరు కథ

ఇదంతా పుస్తకాల సంగతి, మన పొలానికి ఏం ఒరిగిందంటారా? కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు వచ్చి రైతు ప్రాణాన్ని నిలబెట్టాయి. మూడు ఫేజులూ వస్తే మోటారును తనే ఆడిస్తుంది, ఒక ఫేజు పోతే ఆపి మోటారు కాలిపోకుండా కాపాడుతుంది. నరసరావుపేట దగ్గర మా తమ్ముడి మిరప తోటలో అటువంటి స్టార్టరు ఒకటి పిడుగుపాటుకు పోయింది. తయారు చేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. కాయ పట్టే సమయం. నీరు రెండు తడులు తప్పితే ఆ ఏటికి అంతే. కొత్త పెట్టె కొనడం తప్ప దారి లేదని ఇద్దరు మెకానిక్కులు తేల్చారు.

మా వీధిలోనే డిప్లొమా చదివిన కుర్రవాడొకడున్నాడు. కాలిన బోర్డును తెచ్చి, రెండు వైపులా ఫోటోలు తీసి, మీటరుతో ఒక్కొక్క గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకొని, కైక్యాడ్‌లో డ్రాయింగు మళ్ళీ గీశాడు. మూడు సాయంత్రాలు పట్టింది. రాగి పలక మీద చేత్తోనే తయారు చేసి, పాత భాగాల్లో బాగున్నవి ఏరి బిగించాడు. "తాతగారూ, ఇది పోయినా పర్వాలేదు, డ్రాయింగు ఉంది గదా, ఇంకోటి చేస్తాను" అన్నాడు. బోర్డు కంటే ఆ మాటకు నేను సంతోషించాను. ఇప్పుడు ఆ చుట్టుపక్కల అదే రకం స్టార్టర్లున్న రైతులు అతని దగ్గరకు వస్తున్నారు.

విత్తనం ఎవరి గాదెలో?

పత్తి పండించే ప్రాంతం మనది గనుక ఒక పోలిక చెబుతాను. మన తాతల కాలంలో వచ్చే ఏటి విత్తనం ఈ ఏటి పంటలోనే ఉండేది. మన లాం ఫారం వారి జి–4 మిరప వంటి రకాలకు రైతు విత్తనం తనే కట్టుకోగలిగాడు. హైబ్రిడ్ పత్తి వచ్చాక ఏటా కొట్టుకు పోక తప్పలేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక 450 గ్రాముల పొట్లం ధర పదహారు వందలు దాటింది. మన రాష్ట్ర ప్రభుత్వమే 2006లో ఎం.ఆర్.టి.పి. కమిషన్ తలుపు తట్టి పోరాడితే గాని అది 750 రూపాయలకు దిగలేదు. హైబ్రిడ్ వల్ల దిగుబడి పెరిగింది, కాదనను. కాని ధర ఎవరు నిర్ణయిస్తారు, రేపు అమ్మడం మానేస్తే ఏమిటి అన్న ప్రశ్న మాత్రం రైతు గుండెలో మిగిలింది. సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అడగవలసింది ఇదే ప్రశ్న.

న్యాయంగా చెప్పాలంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే సర్వం సాధ్యమని కాదు. పెద్ద కంపెనీల్లో నేటికీ ఖరీదైన ప్రోగ్రాములే ఎక్కువ, ఉద్యోగానికి వెళ్ళే పిల్లలు అవీ నేర్చుకోవలసి రావచ్చు. ఏదైనా చిక్కు వస్తే ఫోను చేసి నిలదీయడానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు యజమాని ఉండడు. తోటివారిని అడిగి, ఓపికగా తెలుసుకోవాలి. కాని మూలసూత్రం ఒకచోట నేర్చినవాడికి మరోచోట నేర్వడం కష్టం కాదు. గెర్బర్ ఫైలు ఏ ప్రోగ్రాము నుంచి వచ్చినా కర్మాగారానికి ఒకటే గదా!

మా ఆఫీసులో ఒక నియమం ఉండేది. ఫైలు గుమస్తాది కాదు, ఆఫీసుది. బదిలీపై వచ్చిన కొత్తవాడు నోట్ ఫైలు మొదటి పేజీ నుంచి చదువుకొంటే సంగతంతా బోధపడాలి. అందుకే సాగర్ కాలువ డ్రాయింగులు గీసిన ట్రేసర్లు రిటైరైనా, వారిలో కొందరు గతించినా, ఆ షీటు పరిచి ఏ తూము ఎక్కడుందో కొత్త ఇంజనీరు చూసుకోగలుగుతున్నాడు. కంప్యూటరులో గీసే డ్రాయింగుకూ ఈ నియమం వర్తించాలి.

కనుక పెన్షనర్ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలుంటే, ఫీజు కట్టేటప్పుడు ఒక్క మాట అడగండి: "నాయనా, నీ డ్రాయింగు దేనిలో గీస్తున్నావు? రేపు ఆ కంపెనీ లేకపోయినా అది తెరుచుకొంటుందా?" దొంగకాపీ వాడుతున్నామని చెబితే కోప్పడకుండా కైక్యాడ్ పేరు, ఈసిమ్ పేరు చెప్పండి. పాత కంప్యూటరు ఏదైనా మూల పడి ఉంటే దుమ్ము దులిపి వారికి అప్పగించండి. ఇంట్లో పాడైన రేడియో ఒకటి విప్పి, ఆ ఆకుపచ్చ పలకను వారిచేతనే మీకు చదివించుకోండి. ఆ రాగి కాలువలు ఎక్కడ పుట్టి ఎక్కడికి పారుతున్నాయో చెబుతుంటే వినడం ఈ వయసులో మంచి కాలక్షేపం కూడా.